కట్టయ్యకు పడ్డ రెండు బైలైన్లు

మా పేపర్ పేరు చెప్ప. చెప్తే మా యాజమాన్యానికి కోపమొస్తది, చెప్పకపోతే మీకు నష్టమేం లేదు. వరంగల్ ఎడిషన్, హన్మకొండల ఆఫీసు, రెండో అంతస్తు. లిఫ్టు ఉన్నది గని నడవది. అక్కడ డెస్కుల ఇరవై రెండేండ్లు పనిచేసిన. డెస్కు అంటే ఏందని మా పక్కింటోళ్లు ఇప్పటికీ అడుగుతరు. రిపోర్టర్ రాసింది దిద్దేది మేము, హెడ్డింగు పెట్టేది మేము, పేజీల పట్టకపోతే కోసేది మేము. వార్త మంచిగుంటే రిపోర్టర్‌కు శాలువా, తప్పు పోతే డెస్కుకు తిట్లు. నాకు కోపం జర ఎక్కువని ఆఫీసుల పేరున్నది. ఇరవై రెండేండ్లు అసొంటి నౌకరి చేసి కోపం రానోళ్లుంటే వాళ్లను దవాఖానల చూపియ్యాలె.

నేను చెప్పేది కట్టయ్య ముచ్చట. ఆయన ములుగుల మా పేపర్ కంట్రిబ్యూటర్. కంట్రిబ్యూటర్ అంటే పేపర్ మనిషే గని పేపర్ నౌకరి కాదు. మెడల ఏసుకునుటానికి కార్డు ఇస్తరు. దాంతోపాటు 'మీరు మా ఉద్యోగి కారు' అని ఒక కాయితం సుత ఇస్తరు. రెండూ ఒకే కవర్ల వస్తయి. కట్టయ్య రెండింటినీ ఇరవై ఏడేండ్లు భద్రంగ దాసుకున్నడు. బతుకుదెరువుకు బస్టాండ్ కాడ జిరాక్స్ షాపు పెట్టుకున్నడు. అర్జీలు రాపిచ్చుకునేటోళ్లు, ఆధార్ కార్డు జిరాక్సులకు వచ్చేటోళ్లు అక్కడనే కూసుండి ఊర్ల ముచ్చట్లు చెప్తరు. ఆ ముచ్చట్లే మాకు వార్తలై వచ్చేటివి.

ఇగ బైలైన్ అంటే ఏందో చెప్త. వార్త మీదనో కిందనో అది రాసినోళ్ల పేరు వేసుడు. అంతే. ఇంగ్లీషుల 'బై' అంటే 'చేత' గదా, ఫలానాయన చేత రాయబడ్డదని చెప్పే లైను కాబట్టి బైలైన్. దీనికి తెలుగుల మాట కనిపెట్టాలని ఒకసారి మా ఆఫీసుల మీటింగు పెట్టిన్రు. 'రచయిత నామరేఖ' అని ఒకాయన చెప్పిండు. అందరం చాయ్ తాగి లేచి వచ్చినం. వాడకంల మాత్రం బైలైన్ 'పడుతది'. వాన పడ్డట్టే. 'బైలైన్ పడ్డదా' అంటరు, 'పడ్డది గని చిన్నగ పడ్డది' అంటరు, 'డెస్కోళ్లు లేపేసిన్రు' అని మమ్ముల తిడుతరు. స్టాఫ్ రిపోర్టర్‌కు, అది సుత స్పెషల్ స్టోరీ రాస్తేనే పడుతది. కంట్రిబ్యూటర్‌కు పడది. ఆయన వార్త 'ములుగు:' అని మొదలైతది. ఊరు పేరే ఆయన పేరు అనుకోవాలె.

అట్ల ఇరవై ఏడేండ్లు కట్టయ్య 'ములుగు' అయ్యి బతికిండు. జాతరల వారం దినాలు నిలవడి రాసిండు, వాగులు పొంగితే మోకాళ్లలోతు నీళ్లల్ల నిలవడి రాసిండు. మంచి స్టోరీ పంపితే హన్మకొండల మా స్టాఫ్ రిపోర్టర్ మధు దాని ముందట 'పచ్చని అడవి తల్లి ఒడిలో' అని నాలుగు మాటలు తగిలిచ్చి తన పేరు పెట్టుకునేటోడు. మధు చెడ్డోడేం కాదు. అది ఆనవాయితి. మధు ముందటాయన అదే చేసిండు, ఆయన ముందటాయన సుత అదే చేసిండు. అడవి తల్లి ఒడి ఒక్కటే మారలే.

కట్టయ్య దీనికి ఎన్నడు కొట్లాడలే. ఏడాదికోసారి కంట్రిబ్యూటర్ల మీటింగుకు వచ్చినప్పుడు మాత్రం డెస్కు కాడికి వచ్చి, 'ఒక్కసారి పేరు వెయ్యరాదు చెల్లె' అని మెల్లగ అడిగేటోడు. రూల్ లేదన్నా అని నేను చెప్పేదాన్ని. సరే అని చాయ్ తాగి పోయేటోడు. ఎందుకన్నా నీకు గంత ఆశ అని ఒక ఏడు గట్టిగనే అడిగిన. అప్పుడు చెప్పిండు. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ తోడవుట్టినోళ్లు వరంగల్ల బట్టల దుకాణం నడుపుతరు. పెండ్లిలల్ల ఎవరన్న అడిగితే 'మా బావ పేపర్ వేస్తడు' అని చెప్తరట. పేపర్ల రాస్తడని లక్ష్మీనర్సమ్మ ఎన్నిసార్లు చెప్పినా, యాడ రాసిండో చూపియ్యి అంటరట. ఆమె పేపర్ తెరిచి 'ములుగు' అన్న మాట మీద వేలు పెట్టి చూపిస్తదట. వాళ్లు నవ్వుతరట. ఇది చెప్పేటప్పుడు ఆయన సుత నవ్విండు. నాకైతే నవ్వు రాలే, ఆ దుకాణపోళ్ల మీద మండింది.

ములుగుకు అవతల అడవిల మొర్రితోగు అని ఒక ఊరున్నది. డెబ్బై ఇండ్లు. సర్కారు బస్సు ఎన్నడు పోలే. రోడ్డెక్కాల్నంటే తొమ్మిది కిలోమీటర్లు నడవాలె, నడుమ ఒక వాగు. ఆ ఊర్ల సమ్మమ్మ అని ముసలామె ఉన్నది. బీపీ గోలీల కోసం నెలకోసారి తొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చి, జీపు దొరికితే ఎక్కి, దొరకకపోతే ఎనుకకు నడిచి పోతది. ఆమె మనుమరాలు ఏడో తరగతి పాసై ఇంట్ల కూసున్నది. హైస్కూలు రోడ్డు మీద ఉన్నది, బస్సు లేదు. ఆ ఊర్ల ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు పదకొండు మంది అట్లనే కూసున్నరు. కట్టయ్య ఆ బస్సు కోసం పదకొండేండ్లు రాసిండు. నలబై వార్తలకు తక్కువ ఉండయి. 'మొర్రితోగుకు బస్సేదీ', 'ఇంకెన్నాళ్లు ఈ నడక', 'బస్సెప్పుడొస్తది సారూ'. హెడ్డింగులన్నీ నాయే. ఆఖరికి నాకే హెడ్డింగులు ఖతమైనయి.

పోయినేడు ఆగస్టుల బస్సు మంజూరైంది. ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మొదటి బస్సు ఊర్లకు పోవాలె. ఊరి పెద్దమనిషి రాజమల్లు కట్టయ్యకు ఫోన్ చేసి, డప్పులు చెప్పినం, కొబ్బరికాయలు తెచ్చినం, నువ్వు రావాలె అని పిలిచిండు. సమ్మమ్మ ముందటి సీట్ల కూసుంటదట, పిల్లను పక్కన కూసోపెట్టుకుంటదట. ఇదంత కట్టయ్య నాకు పొద్దుగాలనే చెప్పిండు. ఆయన గొంతుల అంత ఉషారు నేను ఎన్నడు వినలే.

ఇక్కడ మా లోకంల నడిచే ఒక పద్ధతి చెప్పాలె. దాన్ని 'అయినట్టే రాసుడు' అంటం. జిల్లా పేజీలు జల్ది పోతయి. ప్రోగ్రాములేమో సాయంత్రం అయితయి. అందుకే సాయంత్రం అయ్యేది మధ్యాన్నమే అయిపోయినట్టు రాసి పంపుతరు. 'మొక్కలు నాటారు', 'రక్తదానం చేశారు', 'ఘనంగా సన్మానించారు' అని. మొక్కలు ఇంకా నర్సరీలనే ఉంటయి, రక్తం ఇంకా మనుషులల్లనే ఉంటది, శాలువా దుకాణంలనే ఉంటది. సాయంత్రానికి అన్నీ సక్కగ అయిపోతయి. వెయ్యిట్ల ఒకటి కాకపోతే ఎవ్వరూ పట్టించుకోరు, నాటని మొక్క వచ్చి కేసు పెట్టది గదా. కట్టయ్య సుత అట్ల వందలు రాసిండు. నేను సుత వందలు దిద్దిన. ఇది తప్పని మాలో ఒక్కరికి సుత తోచలే.

ఆ శుక్రవారం ప్రింటింగ్ మిషన్ రిపేరు పెట్టిన్రు. జిల్లా పేజీలన్నీ మూడింటికే దిగాలె అన్నరు. మా ఎడిషన్ ఇంచార్జి రాంచందర్ సార్ హైదరాబాద్ మీటింగుల ఉండె. ములుగు పేజీ నా చేతిల ఉండె. పేజీ నడుమ పెద్ద జాగ ఖాళీ. ఒకటిన్నరకు కట్టయ్యకు ఫోన్ చేసిన.

"బస్సు ముచ్చట ఇప్పుడే పంపన్నా. అయినట్టే రాయి."

"వచ్చినంక రాస్త చెల్లె. రేపటి పేపర్ల కాకపోతే ఎల్లుండి వస్తది. పదకొండేండ్లు ఆగినం."

ఎల్లుండి ఆదివారం, జాగ ఉండదు. నాకేమో పేజీ ఖాళీ. ఆయన ఇంకోసారి అదే చెప్పిండు, ఈ ఒక్కటి కండ్లతోని చూసి రాస్తనని. నాకు కోపమొచ్చింది. కోపంల నోటికొచ్చింది అనేసిన.

"ఇప్పుడు పంపు, నీ పేరు వేస్త."

అవతల షాపుల జిరాక్స్ మిషన్ నడుస్తాంటే ఆ సప్పుడే వినవడ్డది. 'నిజంగనా' అని అడగలే ఆయన. 'పంపుత' అని పెట్టేసిండు. రెండుంబావుకు వార్త వచ్చింది.

ఏం రాసిండు మనిషి. ఇరవై రెండేండ్లల్ల నేను కలం పెట్టకుండ విడిచిన వార్త అదొక్కటే. బస్సు వాగు దాటంగనే డప్పు మోగిందని రాసిండు. సమ్మమ్మ చెప్పులు చేతవట్టుకొని మెట్లెక్కిందని, డ్రైవర్ 'ఏసుకో అవ్వా, ఇది నీ బస్సే' అన్నడని, ఆమె కిటికీల నుంచి తను నడిచిన తొవ్వనంత చూసుకుంట ఏడ్చిందని రాసిండు. చదివి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఒక్కటి సుత కాలేదు దాంట్ల. అన్నీ నాలుగింటికి కావాల్సినయి. మీద పెద్దక్షరాలల్ల 'కట్టయ్య, ములుగు' అని పెట్టిన. పేజీ మూడింటికి దిగింది.

కట్టయ్య బండేసుకొని నాలుగింటిలోపల మొర్రితోగు చేరిండు. బస్సు వచ్చింది, వచ్చింది గని వాగు కాడికే వచ్చింది. రెండు రోజుల కింద పడ్డ వానకు వాగు మీది కల్వర్టు ఒక దిక్కు కుంగి ఉన్నది. డ్రైవర్ దిగి చూసి, తల అడ్డంగ ఊపి, అక్కడనే బండి మర్లేసుకొని పోయిండు. ఊరోళ్లు అవతలి ఒడ్డున డప్పులు పట్టుకొని నిలవడ్డరు. సమ్మమ్మ కొత్త చీర కట్టుకొని, పిల్ల చెయ్యి పట్టుకొని నిలవడ్డది. బస్సు ఎనుక భాగం కనవడ్డది వాళ్లకు. ఆరుంబావుకు కట్టయ్య నాకు ఫోన్ చేసిండు. చెల్లె, బస్సు రాలే, ఆపు అన్నడు. పేజీ పోయి మూడు గంటలైంది, అచ్చేసే ప్లేట్లు సుత తయారైనయి. రేపొస్తది తీ అన్నా, ఒక్కదినం ఫరకు, ఫికర్ చెయ్యకు అని చెప్పిన.

మరునాడు పేపర్ వచ్చింది. లక్ష్మీనర్సమ్మ ఆరు పేపర్లు కొన్నదట. ఒకటి వరంగల్ బస్సుల అన్నదమ్ముల దుకాణానికి పంపింది. ఒకటి ప్లాస్టిక్ కాయితం అంటిపిచ్చి షాపుల గోడకు పెట్టింది. కట్టయ్య వద్దనలేదు, చూడలేదు. ఆ దినమంత జిరాక్స్ మిషన్ దిక్కే చూసుకుంట కూసున్నడట.

బస్సు ఆ మరునాడు రాలే. ఆ వారం రాలే. కల్వర్టు మాది కాదని ఒక ఆఫీసోళ్లు, మాది సుత కాదని ఇంకో ఆఫీసోళ్లు అన్నరు. అర్జీలు తీసుకునే సోమవారం చూసుకొని రాజమల్లు అర్జీ పట్టుకొని జిల్లా ఆఫీసుకు పోయిండు. అక్కడి క్లర్కు కంప్యూటర్ల చూసి, మీ ఊరి బస్సు ఫైలు మూసేసినం, పరిష్కారమైంది అని చెప్పిండు. ఎట్లైంది సార్, మేం బస్సు మొఖమే చూడలే అన్నడట రాజమల్లు. క్లర్కు ఫైలు తీసి చూపిచ్చిండు. మా పేపర్ కత్తిరించి, అంటిచ్చి, మీద ముద్ర కొట్టి ఉన్నది. "ఇగో, మీ సమ్మమ్మ ఎక్కింది, ఏడ్చింది. ఉత్త వార్త అయితే మేం పట్టించుకోం. రాసినాయన పేరు సుత ఉన్నది, చూడు" అన్నడట.

క్లర్కును నేను తప్పు పట్ట. పదకొండేండ్లు పేరు లేకుండ 'బస్సు లేదు' అని రాస్తే ఒక్క కత్తిరింపు సుత ఆ ఫైలుకు ఎక్కలే. పేరు పెట్టి 'బస్సు వచ్చింది' అని రాస్తే నాలుగు దినాలల్ల ఎక్కింది.

రాజమల్లు అక్కడి నుంచి సక్కగ జిరాక్స్ షాపుకు వచ్చిండు. తిట్టలే. గోడకున్న పేపర్ చూసిండు, కట్టయ్యను చూసిండు.

"నువ్వే ఎక్కిచ్చినవ్ గదనే మా అవ్వను బస్సు. నువ్వే దించు."

ఆ రాత్రి ఇంట్ల లొల్లి అయింది. సవరణ వేపిస్త అన్నడు కట్టయ్య. లక్ష్మీనర్సమ్మ అన్నం కాడి నుంచి లేచింది. ఇరవై ఏడేండ్లకు ఒక్కనాడు పేరు పడ్డది, అది సుత నీ చేతులతోని నువ్వే చెరుపుకుంటవా అని ఏడ్చిందట. నా తమ్ముండ్లు నిన్ననే ఫోన్ చేసి బావ గొప్పోడే అన్నరు, రేపు వాళ్లకు నేనేం చెప్పాలె అన్నదట. కట్టయ్య పొద్దుగాల మొదటి బస్సెక్కి హన్మకొండ వచ్చిండు.

రాంచందర్ సార్ గదిల ఆయన నిలవడే మాట్లాడిండు. కూసోమంటే కూసోలే. సార్ మొత్తం విని, సరే, సవరణ వేద్దాం, లోపలి పేజీల టెండర్ నోటీసుల కింద రెండు లైన్లు, పేర్లు ఊర్లు లేకుండ అన్నడు. మా దగ్గర సవరణలు అట్లనే వేస్తరు. 'ఇటీవల ప్రచురితమైన ఒక వార్తలో పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాం.' ఏ వార్తలనో, ఏం పొరపాటో చదివినోనికి తెల్వదు. రాసినోనికి సుత ఒక్కోసారి తెల్వదు.

అట్ల కాదు సార్ అన్నడు కట్టయ్య. అదే పేజీల, అదే జాగల, నా పేరుతోని వెయ్యాలె అన్నడు. పేరు లేని సవరణ ఆ ఫైలుకు ఎక్కదు అన్నడు. సార్‌కు నవ్వొచ్చింది. ముప్పై ఏండ్ల సర్వీసుల బైలైన్ కోసం ఏడ్చినోళ్లను చూసిన గని తప్పుకు బైలైన్ అడిగినోన్ని నిన్నే చూస్తాన అన్నడు.

నిజానికి కట్టయ్య అడిగిందాంట్ల కొత్త ఏం లేదు. బైలైన్ మొదట పెట్టిందే అందుకు. నూటరవై ఏండ్ల కింద అమెరికాల ఉత్తరపోళ్లు, దక్షిణపోళ్లు యుద్ధం చేసుకుంటాన్రు. దండు ఎటు పోతాందో, యాడ దిగుతాందో పేపర్లల్ల వస్తాంది. కొన్ని నిజం, కొన్ని వట్టివి. రాసినోడు ఎవడో తెల్వదు, అప్పట్ల పేపర్లల్ల పేర్లు ఉండకపోయేది. ఒక సేనాధిపతికి కోపం నషాళానికి ఎక్కి హుకుం ఏసిండు. దండు వెంట తిరిగి రాసే ప్రతి విలేకరి తన రాతకు తన పేరు పెట్టాలె, పెట్టనోడు దండుల ఉండద్దు అని. అంటే పేరు మర్యాదకు కాదు, దొరకవట్టుకునుటానికి. బైలైన్ మొదలు ఇదొక్కటే అని గీత గీసి చెప్పలేం గని ఎక్కువమంది చెప్పే కథ ఇదే. ఆ తర్వాత ఏండ్లు గడిచినకొద్ది విలేకర్లకు ఆ పేరే మోజైంది, పేపర్లకు పేరున్న రాతగాళ్లతోని గిరాకైంది. బైలైన్ అన్న మాటైతే ఇంకో యాబై అరవై ఏండ్లకు గని పుట్టలే. మొదలు పట్టుకునుటానికి పెట్టిన పేరు, మా కాలం వచ్చేసరికి ఆశ చూపుటానికి పనికొచ్చింది.

రాంచందర్ సార్ నవ్వు ఆపి సమజ్ చేసిండు. పేరుతోని వేస్తే హైదరాబాద్ నుంచి అడుగుతరు, అడిగితే నిన్ను తీసెయ్యాలె, వేరే తొవ్వ లేదు అన్నడు. తీసెయ్యిన్రి సార్, ఊరికి బస్సు రావాలె అన్నడు కట్టయ్య. అప్పుడు సార్ అడిగిండు.

"రాకముందే వచ్చిందని రాయమని నీకెవరు చెప్పిన్రు?"

నేను ఆ గదిలనే ఉన్న. పేజీ ప్రూఫు చేతుల పట్టుకొని తలుపు కాడ నిలవడ్డ. కట్టయ్య నా దిక్కు చూడలే. చూస్తే సార్‌కు సమజైతదని చూడలే.

"ఎవరు చెప్తరు సార్. నేనే తొందరవడ్డ."

రాయమన్నది నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ నెల డెస్కుల ఇద్దరిని తగ్గిస్తరని ముచ్చట నడుస్తాండె. నాకు భయమైంది. ప్రూఫుల తప్పులు చూస్తున్నట్టు తల వంచుకున్న. ఆ ప్రూఫుల తప్పులేం లేవు.

సవరణ కట్టయ్య రాసుకొనే వచ్చిండు, చేతిరాత. శుక్రవారం పేజీల, అదే జాగల, అదే సైజు పేరుతోని వేసినం. నేను కామా సుత మార్చలే. ఇట్ల ఉండె:

'మొర్రితోగుకు బస్సు రాలేదు. వాగు మీది కల్వర్టు కుంగితే వాగు కాడి నుంచే మర్లిపోయింది. సమ్మమ్మ బస్సెక్కలేదు. ఆమె ఏడ్చిందని రాసింది అబద్ధం. ఆమె వాగు ఒడ్డున నిలవడి చూసింది, తర్వాత ఇంటికి పోయింది. ఏడో తరగతి దాటిన పదకొండు మంది ఆడపిల్లలు ఇంకా ఇండ్లల్లనే ఉన్నరు. బస్సు వస్తదని నమ్మి రాకముందే రాసిన. తప్పు నాది. కట్టయ్య, ములుగు.'

మా భాష పుస్తకాల భాషల ఉండాలని రూల్ ఉన్నది. ఇది మాట్లాడే భాషల పోయింది. భాష సంగతి ఒక్కరు సుత ఫోన్ చేసి అడగలే. తప్పు సంగతి హైదరాబాదోళ్లు అడిగిన్రు, కట్టయ్యను తీసేసిన్రు.

రాజమల్లు ఆ పేపర్ పట్టుకొని మల్ల సోమవారం పోయిండు. క్లర్కు పేరుతోని పేరు సరిచూసుకున్నడు. సరిపోయింది. ఫైలు తెరిచిండు. ఫైలు తెరిస్తే కల్వర్టు ఎవరిదో తేల్చక తప్పలే, తేలినంక మట్టి పోసి రాళ్లు పరిచిన్రు. సెప్టెంబర్ ఆఖరుకు బస్సు మొర్రితోగుల తిరిగింది. సమ్మమ్మ ముందటి సీట్ల కూసున్నదట, ఏడవలేదట. బ్రేకు గట్టిగ ఏసిండని డ్రైవర్‌ను తొవ్వపొంటి తిట్టిందట. ఆ వార్త కట్టయ్య జాగల వచ్చిన భానుచందర్ పంపిండు. నాలుగు లైన్లు, 'ములుగు:' అని మొదలైంది. భానుచందర్‌కు ఒక్కటే చెప్పిన, బస్సు వచ్చినంకనే రాయమని. ఎందుకు మేడం అని అడిగిండు. చెప్పింది చెయ్యి అని కసిరిన.

డెస్కుల ఇద్దరిని తీసేసిన్రు. నన్ను ఉంచిన్రు. నేను ఈ మార్చిల నా అంతట నేనే మానేసిన.

మానేసినంక ములుగు పోయిన. కట్టయ్య షాపుల లేడు, బండ్లు రిపేరు చేసేకాడికి పోయిండట. లక్ష్మీనర్సమ్మ ఉన్నది. షాపు గోడకు ఏ పేపరూ లేదు. ఆమె నన్ను అంతకుముందు చూడలే గని పేరు చెప్పంగనే గుర్తువట్టింది, మీరు ఫోన్లు చేసేటోళ్లు గదా అన్నది. స్టూలేసి కూసోపెట్టి చాయ్ తెప్పిచ్చింది. మంచిగనే మాట్లాడింది. అన్నదమ్ములు ఇప్పుడు మా బావ పేపర్ల తప్పు రాస్తే తీసేసిన్రు అని చెప్తాన్రట. పేపర్ వేస్తడన్నదే నయముండె అన్నది. తర్వాత నా మొఖం చూసి అడిగింది.

"ఆయన తొందరవడే మనిషి కాదమ్మా. లగ్గానికి సుత నిమ్మలంగ వచ్చినోడు. ఆ ఒక్కదినం ఎందుకు తొందరవడ్డడో అడిగితే చెప్పడు. మీకేమన్న ఎర్కనా?"

ఆయన ఇంట్ల భార్యకు సుత చెప్పలే. నేను చాయ్ గిలాస కింద పెట్టిన. నాకేం తెల్వదని చెప్పి బస్సెక్కి వచ్చిన. వరంగల్ వచ్చేదాక నా మీద నాకు అసయ్యం ఏసింది. ఇంటికొచ్చి ఇది రాస్తాన. దీన్ని ఆమెకు పోస్టుల పంపుత. ఆ శుక్రవారం ఒకటిన్నరకు ఫోన్ చేసింది నేను. అయినట్టే రాయమన్నది నేను. వచ్చినంక రాస్తనని ఆయన రెండుసార్లు చెప్పినా వినకుండ, పేరు వేస్తనని ఆశవెట్టింది నేను. గదిల సార్ అడిగినప్పుడు తల వంచుకున్నది నేను. నా పేరు సుకన్య.